మీ పేరేంటమ్మా?

"మీ పేరేంటమ్మా?"

స్ట్రెచర్ మీద పడుకున్నావిడ చెప్పింది.

"ఏం ఆపరేషనో తెలుసా?"

"గాల్‌బ్లాడర్‌లో రాళ్లు..."

"చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నారు?"

పక్కనే నడుస్తున్న కొడుక్కి ఒళ్లు మండిపోతుంది. పొద్దుట్నుంచీ ఇది నాలుగోసారి మరి! వార్డులో అడిగారు. మత్తు డాక్టరు అడిగారు. ఇప్పుడు థియేటర్ గుమ్మం దగ్గర ఈ సిస్టర్. 'చేతికి పట్టీ కట్టారు, ఫైల్లో అంతా రాసుంది. చూసుకోవచ్చు కదా!' అని గొణుక్కుంటాడు. ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో థియేటర్ ముందు ఓ గంట కూర్చున్నా ఈ గొణుగుడు వినిపిస్తుంది.

నిజమే, ఫైలు చూసుకోవచ్చు. ఆ ఫైలే మారిపోతే? ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములూ ముగ్గురు వెంకటేశ్వర్లూ ఉండటం మన దగ్గర వింతేం కాదు. అందుకే 'మీరు లక్ష్మిగారే కదా' అని అడగొద్దని నర్సులకు ప్రత్యేకంగా నేర్పుతారు. భయంతో బిగుసుకుపోయి ఉన్న మనిషి దేనికైనా 'ఊఁ' అనేస్తుంది. పేరు ఆమె నోట్లోంచే రావాలి. కుడికన్నా, ఎడమకన్నా? కుడి మోకాలా, ఎడమ మోకాలా? అదీ అంతే. మత్తు ఎక్కాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఆపరేషన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది సర్జనే. ఆయన హస్తవాసి గురించి ఊరంతా వాకబు చేస్తాం. కానీ సర్జన్ చేతిలో మనిషి ఉండేది గంటో రెండు గంటలో. ముందురోజు సాయంత్రం బెడ్ ఎక్కింది మొదలు డిశ్చార్జి కాగితం చేతికొచ్చేదాకా మిగతా సమయమంతా దాదాపు నర్సుదే. ఆ చేతుల్లో ఏం జరుగుతుందో, దానికి ఇంట్లోవాళ్లు ఎక్కడ అడ్డం పడుతుంటారో తెలుసుకుంటే సగం భయం పోతుంది.

ఆ ఒక్క గుక్క కాఫీ

"ఏమీ తాగలేదు కదా?"

"లేదండీ. అంటే... పొద్దున్నే ఓ గుక్క కాఫీ. అదేం లెక్కలోకి రాదు కదా!"

వస్తుంది! మత్తు ఇచ్చినప్పుడు ఒంట్లోని రక్షణ ఏర్పాట్లన్నీ నిద్రపోతాయి. మామూలుగా మెతుకు పొలమారితే దగ్గి బయటికి నెట్టేస్తాం. మత్తులో ఆ దగ్గు ఉండదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపులోని ఆమ్లం అక్కడికి చేరితే ఏమవుతుందో న్యూయార్క్‌కు చెందిన డాక్టర్ మెండెల్సన్ 1946లోనే కాన్పు కేసులను పరిశీలించి చెప్పారు. అప్పట్నుంచే ఖాళీ కడుపు నియమం ఇంత గట్టిగా పట్టుకుంది.

మామూలుగా పాటించే లెక్క ఇది... తేలికపాటి టిఫిన్ తిన్నాక కనీసం 6 గంటలు. వేపుళ్లు, మాంసం, బిర్యానీలాంటివైతే 8 గంటలు. మంచినీళ్లయితే 2 గంటలు. మరి కాఫీ? పాలు కలిపింది ఏదైనా టిఫిన్ కిందే లెక్క. పాలు కడుపులోకి వెళ్లాక విరిగి గడ్డకడతాయి కాబట్టి దానికీ 6 గంటలు ఆగాల్సిందే. పాలు తాగే పసిబిడ్డకు తల్లిపాలైతే 4 గంటలు. సుగర్ ముదిరినవాళ్లకూ గర్భిణులకూ అత్యవసర కేసులకూ లెక్కలు మారతాయి. అవి మత్తు డాక్టరు చెబుతారు.

ఇందులో ఇంకో పొరపాటు కూడా ఉంది. 'రాత్రి తొమ్మిది తర్వాత మంచినీళ్లు కూడా ముట్టొద్దు' అని ఎవరో చెప్పగానే ఇంటిల్లిపాదీ కాపలా కాస్తారు. తీరా ఆపరేషన్ మధ్యాహ్నం రెండింటికి! అప్పటికి ఆ పెద్దావిడ నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. 'ఎన్నింటిదాకా నీళ్లు ఇవ్వొచ్చు సిస్టర్?' అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడానికి మొహమాటమెందుకో!

కాఫీ తాగేసి ఉంటే తాగానని చెప్పేయండి. సిస్టర్ కసురుతుందేమో, ఆపరేషన్ కొన్ని గంటలు వెనక్కి జరుగుతుందేమో... అంతకుమించి ఏం కాదు. దాచిపెడితే ఏమవుతుందో పైన చదివారుగా.

దాచే సంగతులు ఇంకా ఉంటాయి. ఆసుపత్రుల్లో నర్సులు బాగా ఎరిగిన దృశ్యం ఒకటి. 'మా నాన్నగారికి ఏ అలవాటూ లేదండీ' అని కూతురు గట్టిగా చెబుతుంది. ఆమె మందుల చీటీ పట్టుకుని అటు వెళ్లగానే నాన్నగారు గొంతు తగ్గించి 'రోజూ ఓ క్వార్టర్ సిస్టర్...' అంటారు. ఆయన ఆ మాట చెప్పడం చాలా మంచిదైంది. రోజూ తాగే మనిషికి హఠాత్తుగా మందు ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఎవరో కనిపిస్తున్నట్లు మాట్లాడటం, సెలైన్ పీకేసుకుని లేచిపోవడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లేమో 'ఆపరేషన్ వికటించి మతి చెడింది' అని గొడవకు దిగుతారు. ముందే తెలిస్తే డాక్టర్లు దానికి మందు సిద్ధంగా పెట్టుకుంటారు.

గుండె కోసం వాడే రక్తం పలుచన చేసే మాత్రలు, సుగర్ బిళ్లలు, బీపీ మందులు, నాటువైద్యుడిచ్చిన పొడి, చిన్నప్పుడు ఏదో ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చిన సంగతి... అన్నీ చెప్పాల్సినవే. వీటిలో కొన్ని ఆపాలి, కొన్ని ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. ఏది ఏదన్నది డాక్టరు తేలుస్తారు. పెద్దవాళ్ల కట్టుడు పళ్లు, కదిలే పళ్లు కూడా మరిచిపోవద్దు.

పసుపు తాడు

ఇక నగలు. ఉంగరం ఉన్న వేలు వాస్తే రక్తప్రసరణ ఆగిపోతుంది. రక్తస్రావం ఆపడానికి వాడే కాటరీ యంత్రంలో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి ఒంటిమీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం ఉంది. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక తీయడానికి పెద్దగా పేచీ ఉండదు. తాళి దగ్గరకొచ్చేసరికే చేయి మెడ మీదికి పోతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

అసలే 'మళ్లీ బయటికొస్తానో రానో' అన్న భయం. దానికితోడు మెడ బోసిపోవడం. మొరటుగా 'తీసెయ్' అంటే ఆ మనిషి బీపీ అక్కడికక్కడే పెరుగుతుంది. అందుకే చాలాచోట్ల పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని, ఆ తర్వాతే సూత్రాలు తీసి భర్త చేతికి ఇవ్వడం ఓ పద్ధతిగా మారింది. నూలు దారంతో కాటరీకి ఇబ్బంది లేదు. ఆపరేషన్ మెడ మీదా గుండె మీదా అయితే ఆ దారం కూడా చేతికి మార్చాల్సిందే. నర్సింగ్ పుస్తకంలో ఈ పాఠం ఉంటుందో లేదో గానీ, మనవాళ్ల మనసెరిగిన ఏ సిస్టరూ దీన్ని మరిచిపోదు.

గోళ్ల రంగు తీసేయమనడానికీ కారణముంది. కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటర్ గుర్తుంది కదా! అది గోటి గుండా వెళ్లే వెలుతురుతోనే రక్తంలో ఆక్సిజన్‌ను లెక్కగడుతుంది. మధ్యలో రంగు అడ్డొస్తే లెక్క తప్పొచ్చు.

ఒకప్పుడు ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి రేజర్‌తో గుండు గీసినట్లు గీసేవారు. ఇప్పుడది వద్దంటున్నారు. బ్లేడు గీతల్లో కంటికి కనపడని గాట్లు పడి, అక్కడే సూక్ష్మజీవులు చేరతాయి. వెంట్రుకలు అడ్డం లేకపోతే వదిలేయమనీ, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో స్పష్టంగా చెప్పింది. ఇంట్లోనే నీట్‌గా షేవ్ చేసుకుని వచ్చే ఉత్సాహవంతులు గమనించాలి!

తలుపులు మూశాక...

థియేటర్లో సాధారణంగా ఇద్దరు నర్సులుంటారు. చేతులు కడుక్కుని, స్టెరైల్ గౌను తొడుక్కుని సర్జన్‌కు ఎదురుగా నిలబడి పరికరాలు అందించేది స్క్రబ్ నర్సు. ఆమె ఏ మురికి వస్తువునూ తాకకూడదు కాబట్టి, కావాల్సినవి తెచ్చి ఇచ్చి, రాసుకుని, బయటి ప్రపంచంతో మాట్లాడేది రెండో ఆమె. సర్క్యులేటింగ్ నర్సు అంటారు.

సర్జన్లు వేసుకునే రబ్బరు గ్లవ్స్ కథ మొదలైంది ఓ స్క్రబ్ నర్సు చేతులతోనే. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి. 1889-90 చలికాలం. క్రిముల్ని చంపే పాదరసపు ద్రావణంలో చేతులు ముంచీ ముంచీ కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చర్మం పాడైపోయింది. ఉద్యోగం మానేసే పరిస్థితి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆమె కోసం గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో సన్నటి తొడుగులు చేయించారు. ఆ ఏడాదే ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు కూడా! రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా అందరూ వాటిని తొడుక్కోవడానికి మాత్రం ఇంకొన్నేళ్లు పట్టింది.

'కడుపులో కత్తెర మరిచారు' అన్న వార్త చదివి ఒళ్లు జలదరించని వాళ్లుండరు. నిజానికి ఎక్కువగా మరిచిపోయేది కత్తెర కాదు, గుడ్డ. నెత్తుట్లో తడిసిన దూదిగుడ్డ పేగుల మధ్య పేగులాగే కలిసిపోతుంది. దానికి విరుగుడు చాలా పాతది. లెక్కపెట్టడం! కోత పెట్టకముందే గుడ్డలు, సూదులు, పరికరాలు ఎన్నున్నాయో ఇద్దరు నర్సులూ కలిసి పైకి లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు. పొట్ట మూసేముందు మళ్లీ లెక్క. చర్మం కుట్టేముందు ఇంకోసారి. ఒక్కటి తగ్గినా వెతకాల్సిందే. బకెట్లో, బల్ల కింద, చెప్పుల దగ్గర... దొరక్కపోతే అక్కడే ఎక్స్‌రే తీస్తారు. ఆ గుడ్డల్లో ఎక్స్‌రేకి కనిపించే దారం ఒకటి నేసి ఉంటుంది, దీనికోసమే.

వినడానికి తేలికే. మూడు గంటల ఆపరేషన్ తర్వాత అలసిపోయిన సర్జన్ 'అంతా సరిపోయిందిలే, కుట్టేద్దాం' అంటే, 'ఒకటి తగ్గింది డాక్టర్, ఆగండి' అనడానికి గుండె ధైర్యం కావాలి. ఇరవై అయిదేళ్ల అమ్మాయి యాభై ఏళ్ల ప్రొఫెసర్‌తో అనాల్సిన మాట అది. పెద్ద డాక్టరు ఎదుట నర్సు నోరు విప్పడాన్ని ఇప్పటికీ పొగరు అనుకునే చోట్లు మనకున్నాయి. ఆ అలవాటు ఎంత త్వరగా పోతే అంత మంచిది.

ఆ ధైర్యాన్ని నియమంగా మార్చినదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు. 19 అంశాలు, ఒకే ఒక్క కాగితం. మత్తుకు ముందు ఓసారి, కోతకు ముందు ఓసారి, రోగిని థియేటర్ దాటించే ముందు ఓసారి అందరూ ఆగి పైకి చదవాలి. రోగి ఎవరు? ఏ ఆపరేషన్? ఎటువైపు? యాంటీబయాటిక్ ఇచ్చారా? లెక్క సరిపోయిందా? అతుల్ గవాండే నాయకత్వంలో ఢిల్లీ సహా 8 నగరాల్లోని 8 ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు. ఫలితాలు 2009 జనవరిలో వచ్చాయి. అంతకుముందు 1.5 శాతం ఉన్న మరణాలు 0.8 శాతానికి తగ్గాయి. ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7కు దిగాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఎక్కువగా ఆగి అడగడమే.

మత్తులో ఉన్న మనిషికి చెయ్యి తిమ్మిరెక్కిందని చెప్పుకునే వీలుండదు. అందుకే మోచేతుల కిందా మడమల కిందా మెత్తలు పెట్టడం, ఒళ్లు చల్లబడకుండా వెచ్చటి దుప్పటి కప్పడం, తీసిన ముక్కను పరీక్షకు పంపేముందు సీసా మీద పేరు సరిచూడటం కూడా వాళ్ల పనే. ఆ పేరు తప్పితే ఒకరి క్యాన్సర్ ఇంకొకరి రిపోర్టులోకి వెళ్తుంది.

ఊపిరా, నాడా?

ఆపరేషన్ అయిపోయింది. బయట అందరి ముఖాలూ విప్పారాయి. లోపల రికవరీ గదిలో మాత్రం నర్సుకు అసలైన కాపలా అప్పుడే మొదలు. మత్తు దిగేటప్పుడు నాలుక వెనక్కి జారొచ్చు, ఊపిరి మందగించొచ్చు, లోపల రక్తం కారుతూ ఉండొచ్చు. ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్... మొదట్లో కనీసం ప్రతి 15 నిమిషాలకూ చూసి రాస్తారు.

మత్తులో ఉన్న మనిషిలో దేన్ని గమనించాలన్న విషయం మీద ప్రపంచమంతా చెవులప్పగించి విన్న వాదన మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి క్లోరోఫామ్ మీద కమిషన్లు నడిపారు. రెండోదానికి లండన్ నుంచి నిపుణుణ్ని రప్పించే ఖర్చూ నిజాందే. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఈ కమిషన్లలో పాలుపంచుకున్నారు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడితో పనిలేదన్నది లారీ వాదం. క్లోరోఫామ్‌తో గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోవచ్చని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఇప్పుడు నర్సు రెండూ చూస్తుంది. అయితే యంత్రాలు వచ్చాక నాడీ బీపీ వాటంతటవే తెరమీద కనిపిస్తున్నాయి గానీ, వార్డుకు వెళ్లాక నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నారో గడియారం చూస్తూ లెక్కపెట్టే ఓపికే తగ్గిపోతోంది. ప్రమాదాన్ని చాలాసార్లు ముందుగా చెప్పేది ఆ లెక్కే.

వార్డుకు వచ్చాక ఇంట్లోవాళ్ల ప్రేమ మొదలవుతుంది. 'నోరెండిపోతోంది పాపం' అని చెంచాతో నీళ్లు పోస్తారు. సిస్టర్ చెప్పేదాకా తడిగుడ్డతో పెదాలు అద్దితే చాలు. యూరిన్ సంచి నిండిందని ఎవరికీ చెప్పకుండా వంపేస్తారు. అది కొలవాల్సింది! 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలని స్థూలంగా ఓ లెక్క. తగ్గితే ఒంట్లో నీరో రక్తమో తగ్గుతోందన్న సూచన. ఆ సంచిని మంచం మీద, పొట్ట మీద పెట్టి స్ట్రెచర్ తోయకూడదు కూడా.

'కాస్త ఓర్చుకోమ్మా' అన్న మాట కూడా అలాంటిదే. పొట్ట మీద కుట్టు నొప్పి పెడుతుంటే గట్టిగా ఊపిరి తీసుకోలేరు, దగ్గలేరు. కఫం పేరుకుపోయి న్యుమోనియాకు దారితీయొచ్చు. నొప్పి పదింట్లో ఎంత అని సిస్టర్ అడిగినప్పుడు ఉన్న అంకె చెప్పాలి. మూడు బంతుల గొట్టం ఇచ్చి గాలి పీల్చమనడం, పాదాలు పైకీ కిందికీ ఆడించమనడం, చాలా ఆపరేషన్లకు ఆ రోజో మర్నాడో లేపి నాలుగడుగులు వేయించడం... ఇవేవీ కర్కశత్వం కాదు. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు వెళ్లే ప్రమాదముంది.

ఇక పత్యం! 'పప్పు తింటే చీము పడుతుంది' అన్న మాట మన ఇళ్లలో వేదవాక్కు. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, పాలు వద్దు... చివరికి కారప్పొడి అన్నం మిగులుతుంది. గాయం మానాలంటే కావాల్సింది మాంసకృత్తులే. అవి ఉండేది పప్పులో, గుడ్డులో, పాలల్లో. చీము పట్టించేది సూక్ష్మజీవులు, కందిపప్పు కాదు. కిడ్నీ జబ్బులాంటివి ఉంటే తప్ప, తినొచ్చని డాక్టరు చెప్పాక పప్పన్నం నిక్షేపంగా పెట్టొచ్చు.

రాత్రి ఎంతమంది?

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న 2 లక్షల 32 వేల మందికిపైగా రోగుల వివరాలను లిండా ఐకెన్ బృందం పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక్కో నర్సు చూసుకోవాల్సిన రోగుల సంఖ్య ఒకటి పెరిగితే చాలు... 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువ. అక్కడ మాట్లాడింది నర్సుకు నలుగురా, ఎనిమిదిమందా అని. మన దగ్గర రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్కరే ఉండే ఆసుపత్రులు ఎవరికీ కొత్త కాదు. అర్ధరాత్రి రెండింటికి 'ఎందుకో ఆయాసంగా ఉంది' అని ఓ మూల పేషెంటు అంటున్నప్పుడు, ఆమె ఇంకో మూల వాంతి చేసుకుంటున్న మనిషి తల పట్టుకుని ఉంటుంది.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు సర్జన్ పేరు అడుగుతాం, ప్యాకేజీ అడుగుతాం, గదికి ఏసీ ఉందా అని అడుగుతాం. 'రాత్రి డ్యూటీలో ఎంతమంది పేషెంట్లకు ఒక నర్సు? వాళ్లు నర్సింగ్ చదివినవాళ్లేనా?' అని అడిగేవాళ్లు ఎంతమంది? నలుగురు అడగడం మొదలుపెడితే యాజమాన్యాలకూ ఆ లెక్క గుర్తుకొస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఖాళీల గురించి ప్రజాప్రతినిధుల్ని అడగాల్సిందీ ఇదే.

ఆ రాత్రి తోడున్నవాళ్లు పదిమంది చుట్టాల్ని మంచం చుట్టూ చేర్చకుండా, ఒక్కరే మెలకువగా ఉంటే పెద్ద సాయం. మాట తడబడుతున్నా, చెమటలు పడుతున్నా, కట్టు తడిసినా, ఊరికే అసహనంగా కదులుతున్నా 'పొద్దున డాక్టరొచ్చాక చెబుదాంలే' అనుకోవద్దు. అప్పుడే వెళ్లి సిస్టర్‌ని లేపైనా సరే పిలవాలి.

డిశ్చార్జి రోజు హడావుడిలో బిల్లు మీద ఉన్న శ్రద్ధ చివరి కాగితం మీద ఉండదు. కట్టు ఎప్పుడు మార్చాలి, స్నానం ఎప్పుడు, బరువులు ఎన్నాళ్లు ఎత్తకూడదు, కుట్లు ఏ తారీఖున విప్పాలి, యాంటీబయాటిక్ ఎన్ని రోజులు... ఇవన్నీ సిస్టర్ చెబుతుంటే పేషెంటు ఒక్కరే కాక, ఇంట్లో చూసుకోబోయే మనిషి కూడా పక్కన నిలబడి వినాలి. విన్నది తిరిగి ఆమెకే ఒప్పజెప్పాలి. జ్వరం, కుట్టు దగ్గర ఎర్రదనమో చీమో, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం... వీటిలో ఏది వచ్చినా ఏ నంబరుకు ఫోన్ చేయాలో అదే కాగితం మీద రాయించుకోండి. రాత్రిపూట కూడా ఎత్తే నంబరే కావాలని అడగండి.